మగవాడి బాధను గుర్తుపట్టడం నేర్చుకోవాలి

(ఒడిశాలోని బరంపురంలో కౌన్సెలర్లకు, ఆశా కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు, కార్మిక సంఘాల ప్రతినిధులకు ఏర్పాటైన శిక్షణ తరగతుల తొలి రోజు ఉదయం చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డు విని రాసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. వెనుక నిలబడ్డ వారు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. గోపాలపురం, సోనాపురం వైపు నుంచి తెల్లవారకముందే బయలుదేరి వచ్చిన వారు మీలో ఉన్నారు. పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి రాత్రే వచ్చి బంధువుల ఇళ్లలో పడుకున్న వారు కూడా ఉన్నారు. ఇంత శ్రమ పడి వచ్చిన మీకు ఈ తరగతుల నుంచి చేతికి పనికివచ్చేది ఏదైనా దక్కాలి. అందుకని ఉపోద్ఘాతం పెంచకుండా నేరుగా ఒక ప్రశ్నతో మొదలుపెడతాను.

మీ దగ్గరికి వచ్చి తమ మనసులోని బాధ చెప్పుకునే వారిలో మగవాళ్లు ఎంతమంది? ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గడిచిన నెలలో మీ ఎదుట కూర్చున్న వారిని ఒక్కొక్కరినీ తలుచుకోండి. చాలామంది తలలు అడ్డంగా ఊపుతున్నారు. భార్యలు వస్తారు, తల్లులు వస్తారు, అక్కచెల్లెళ్లు వస్తారు. వచ్చి ఎవరి గురించి మాట్లాడతారు? భర్త గురించి, కొడుకు గురించి, తమ్ముడి గురించి. తాగుతున్నాడని, ఇంట్లో మాట్లాడడం మానేశాడని, సూరత్ నుంచి వచ్చి మూడు వారాలైనా గది దాటి బయటికి రావడం లేదని చెబుతారు. ఎవరి గురించి మాట్లాడుతున్నామో ఆ మనిషి మాత్రం మన ఎదుట ఉండడు. నిజానికి ఆ మనిషి ఎక్కడికీ వెళ్లకుండా లేడు. మందుల దుకాణానికి వెళ్లి కడుపులో మంటకు మాత్ర అడుగుతున్నాడు. ఊళ్లో వైద్యం చేసే ఆయన దగ్గర నడుము నొప్పికి సూది వేయించుకుంటున్నాడు. సాయంత్రం సారా దుకాణం దగ్గర ఉంటున్నాడు. అంటే సాయం వెతుక్కుంటూనే ఉన్నాడు, తన బాధకు వేరే పేరు పెట్టుకుని వెతుక్కుంటున్నాడు. ఈ తరగతుల్లో మనం నేర్చుకోవలసింది ముఖ్యంగా ఇదొక్కటే: అతను ఏ పేరుతో వచ్చినా గుర్తుపట్టడం, అతను ఉన్న చోటి నుంచే మాట మొదలుపెట్టడం.

ఇది ఎంత పెద్ద విషయమో చెప్పడానికి ఒకటి రెండు అంకెలు చెబుతాను, రాసుకోండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2021లో మన దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 1,18,979 మంది పురుషులు. ప్రతి పదిమందిలో ఏడుగురికి పైగా. అదే సంవత్సరం ఆత్మహత్య చేసుకున్న వారిలో దాదాపు నాలుగో వంతు, 42,004 మంది, రోజుకూలీలు. వీళ్లు మనకు తెలియని మనుషులు కారు. మన గంజాం, గజపతి జిల్లాల నుంచి రైలెక్కి పోయేవాళ్లలాంటి వాళ్లే. రెండో అంకె: బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్న పెద్దవాళ్లు పురుషుల్లో 13.9 శాతం, స్త్రీలలో 7.5 శాతం అని తేలింది. పురుషుల అంకె అంత పెరగడానికి మద్యం పెద్ద కారణం. అయితే అదే సర్వేను విడదీసి చూస్తే దిగులు జబ్బు (డిప్రెషన్), ఆందోళన స్త్రీలలోనే ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి నేను ఈ మాటలు చెబుతున్నది స్త్రీల బాధ తక్కువదని చెప్పడానికి కాదు. ఒకరి కష్టాన్ని తూకం వేసి ఇంకొకరి కష్టాన్ని తేలిక చేయడం మన పని కాదు. ఇంట్లో మగవాడి బాధ దారి తప్పితే ఆ దెబ్బ మొదట తగిలేది భార్యకూ పిల్లలకూ కాబట్టి, ఈ పని వారి కోసం కూడా.

ఇప్పుడు మీకు దూర దేశం సంగతి ఒకటి చెప్పాలి. శిక్షణ ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి ఇది. స్వీడన్ దేశంలో గాట్లాండ్ అని ఒక ద్వీపం ఉంది. అక్కడ 1983-84లో సాధారణ వైద్యులందరికీ దిగులు జబ్బును ఎలా గుర్తుపట్టాలో, ఎలా వైద్యం చేయాలో శిక్షణ ఇచ్చారు. మంచి శిక్షణ, శ్రద్ధగా ఇచ్చిన శిక్షణ. తర్వాత లెక్క చూస్తే ద్వీపంలో ఆత్మహత్యలు తగ్గాయి. అందరూ సంతోషించారు. కానీ లెక్కను విడదీసి చూసినప్పుడు, తగ్గినవి స్త్రీల ఆత్మహత్యలని, పురుషుల ఆత్మహత్యలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయని తెలిసింది. ఎందుకు? ఆ వైద్యులకు తెలివి లేకనా? కాదు. శ్రద్ధ లేకనా? కాదు. వాళ్లకు నేర్పిన లక్షణాలు ఏమిటి? ఏడుపు, నిరాశ, ఉత్సాహం లేకపోవడం, తనను తాను నిందించుకోవడం. ఆ లక్షణాలతో వైద్యుడి ముందు కూర్చునే మగవాళ్లు తక్కువ. మగవాళ్లు కోపంతో వచ్చారు, తాగి వచ్చారు, కొందరు అసలు రానే లేదు. ఆ అనుభవం నుంచే తర్వాత పురుషుల దిగులును కొలవడానికి ప్రత్యేకంగా ఒక ప్రశ్నావళి పుట్టింది. అందులో చిరాకు, తెంపరితనం, అతిగా తాగడం, తట్టుకునే శక్తి తగ్గిపోవడం వంటివి అడుగుతారు. దానికి గాట్లాండ్ పేరే పెట్టారు.

ఇంకొక మాట కూడా మరిచిపోకండి. శిక్షణ ఆగిపోయిన కొన్నేళ్లకు అక్కడ వచ్చిన మంచి ఫలితం కూడా కరిగిపోయింది. ఒకసారి నేర్పి వదిలేస్తే ఏమవుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఈ సంగతికి చివర మళ్లీ వస్తాను.

సరే, మగవాడి దేహంలో ఒత్తిడి ఎలా పని చేస్తుందో కొద్దిగా చూద్దాం. ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం పోరాడడానికో పారిపోవడానికో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త గత శతాబ్దం మొదట్లోనే చెప్పాడు. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, జీర్ణం మందగిస్తుంది. 1936లో హాన్స్ సెలీ అనే మరో శాస్త్రవేత్త, ఆ బిగువు రోజుల తరబడి, నెలల తరబడి కొనసాగితే శరీరం ముందు తట్టుకుంటుందని, తర్వాత అలిసిపోతుందని చూపించాడు. మన బరంపురం పట్టు నేసేవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు. పడుగుకు బిగువు లేకపోతే నేత సాగదు. కానీ రాత్రీ పగలూ అదే బిగువున ఉంచితే దారం తెగుతుంది. ఒత్తిడి మొత్తంగా చెడ్డదని మీ దగ్గరికి వచ్చినవారికి చెప్పకండి. అది నిజం కాదు, వాళ్లు నమ్మరు కూడా. సడలింపు లేని ఒత్తిడి చెడ్డది అని చెప్పండి.

మన ప్రాంతపు మగవాడికి ఆ సడలింపు ఎక్కడ దొరుకుతోంది? ఆలోచించండి. సూరత్ పవర్‌లూమ్‌లలో పని చేసే మన వాళ్లను తీసుకోండి. ఒడియావాళ్లు, తెలుగువాళ్లు అనే తేడా లేకుండా గంజాం నుంచి తరాలుగా వెళ్తున్నారు. రోజుకు పన్నెండు గంటల షిఫ్టు, నిలబడి పని, చెవులు చిల్లులు పడే మరమగ్గాల మోత, నేసిన మీటర్లను బట్టి డబ్బు. పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే రాత్రి షిఫ్టువాడు పడుకునే మెస్ గదులు. అక్కడ ఒక మనిషికి ఒంటరిగా కూర్చుని ఏడవడానికి కూడా చోటు లేదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. బాధ బయటికి రావడానికి చోటు కావాలి. చోటు లేనప్పుడు అది ఒంట్లోకి వెళ్తుంది, లేదా సీసాలోకి వెళ్తుంది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం చెబుతాడు? "అంతా బాగానే ఉంది, డబ్బు పంపాను, అందిందా?" అంటాడు. భార్య కూడా అటువైపు నుంచి తన కష్టం చెప్పదు. ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటున్నామనే అనుకుంటారు. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు ఆ చెప్పుకోని నెలలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి.

సముద్రం మీద బతికే మన వాళ్లను చూడండి. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట తాబేళ్ల రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు వేటకు నిషేధం ఉంటుంది. ఆ తాబేళ్లను కాపాడడం మంచి పనే, నేను దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఆ ఏడు నెలలు చిన్న పడవ ఉన్నవాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? చేపల వ్యాపారి దగ్గర తీసుకున్న అడ్వాన్సుకు లెక్క ఎలా తీరుతుంది? పని లేని మగవాడు మన సమాజంలో పొద్దున్నే ఎక్కడికి వెళ్తాడు? ఇంట్లో ఉంటే ఇంట్లో ఎందుకున్నావంటారు, వీధిలో ఉంటే వీధిలో ఎందుకున్నావంటారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మీలో చాలామంది ఇక్కడే ఉన్నారు. చెట్లు తొలగించింది, కప్పులు వేసింది, బియ్యం బస్తాలు మోసింది ఎవరు? మగవాళ్లు చేతికి పని ఉన్నంత కాలం నిలబడ్డారు. పని అయిపోయి అప్పులు మిగిలిన తర్వాత చాలామంది కుంగిపోయారు. తుపాను తర్వాత మొదటి నెల కంటే ఆరో నెలలో వాళ్లను ఎక్కువ జాగ్రత్తగా చూడాలి.

ఇక అసలు పనికి వద్దాం. అతను వచ్చి కూర్చున్నాడు. మొదటి పది నిమిషాలు ఎలా? ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, అభ్యాసం కోసం కల్పించినది. యాభై ఏళ్ల మత్స్యకారుడు, భార్య పోరు పడలేక వచ్చాడు. మీరు ఆశా కార్యకర్త, ఆయన కంటే చిన్న వయసు.

"నాకేటీ లేదమ్మా. రాత్రులు నిద్దర పట్టట్లేదు, అంతే."

ఇక్కడ చాలామంది ఏం చేస్తారు? "ఏమీ లేకపోతే నిద్ర ఎందుకు పట్టదు? మనసులో ఏముందో చెప్పండి" అంటారు. ఆయన తలుపు మూసేస్తాడు. మీరు ఆయన ఇచ్చినదాన్నే అందుకోండి. ఆయన నిద్ర ఇచ్చాడు, నిద్ర గురించే మాట్లాడండి.

"నిద్ర పట్టక ఎన్నాళ్లయింది బాబాయ్?"

"సంక్రాంతి కాడ నుంచి."

"అప్పటి నుంచి రోజూనా? ఏ వేళకు మెలకువ వస్తోంది?"

"రెండు గంటలకి లెగుత్తాను. మరి పడుకోలేను. లెక్కలు తిరుగుతుంటాయి."

చూశారా? "లెక్కలు" అన్నాడు. మీరు మనసు గురించి అడగలేదు, ఆయనే తెచ్చాడు. ఇప్పుడు "ఏ లెక్కలు బాబాయ్?" అని అడగండి. వల పోయిన సంగతి వస్తుంది, అప్పు సంగతి వస్తుంది, పెద్దమ్మాయి పెళ్లి సంగతి వస్తుంది. ఆ తర్వాత, ఇదంతా విన్న తర్వాత, "ఇంత బరువు మోస్తూ ఎవరితోనూ అనలేదన్నమాట" అని ఒక్క మాట అనండి. ప్రశ్న కాదు అది. మీరు విన్నారని ఆయనకు తెలియడానికి అన్న మాట. మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ వంటి పెద్దలు దశాబ్దాల కిందట చెప్పినది ఇదే: ఎదుటి మనిషిని తీర్పు తీర్చకుండా, అతని వైపు నుంచి అర్థం చేసుకుంటున్నామని అతనికే తెలిసేలా వినడం. మన వాళ్లతో ఇది పని చేయదని కొందరు అంటారు. మాట తీరు మారితే పని చేస్తుంది, నేను చూశాను.

కూర్చునే తీరు కూడా చెప్పాలి. ముఖాముఖి కుర్చీలు వేసి కళ్లలోకి చూస్తూ ప్రశ్నలు అడిగితే మన మగవాళ్లలో చాలామందికి అది పోలీసు స్టేషన్‌లా అనిపిస్తుంది. అరుగు మీద పక్కపక్కన కూర్చోండి. ఆయన వల బాగు చేసుకుంటూ మాట్లాడతానంటే అలాగే మాట్లాడనివ్వండి. ఆస్ట్రేలియాలో 1990ల నుంచి మగవాళ్ల కోసం పనిచోట్లు పెట్టారు. వడ్రంగం పనో, పాత సామాను బాగుచేసే పనో చేస్తూ పక్కవాడితో మాట్లాడుకునే చోట్లు అవి. చేతులకు పని ఉంటే నోరు సులువుగా తెరుచుకుంటుందని వాళ్లు గమనించారు. మన పడవల రేవులు, మగ్గాల గుంటలు, టీ బడ్డీలు ఉన్నాయి కదా, వాటిని వాడుకోవాలి.

ఆశా అక్కచెల్లెళ్లకు ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి వెళ్లకూడదు. పరాయి మగవాడితో ఒంటరిగా కూర్చుని మాట్లాడితే ఊరు ఏమంటుందనే భయం న్యాయమైనదే. అందుకు మార్గం ఏమిటంటే, అందరికీ కనిపించే చోట, ఎవరికీ వినిపించని దూరంలో కూర్చోవడం. వీలైతే సంఘం నుంచి ఒక పురుష కార్యకర్తను జతగా తీసుకోండి. భార్య పక్కన ఉండాలా వద్దా అని ఆయన్నే అడగండి, భార్యను కూడా విడిగా ఒకసారి పలకరించండి. భాష సంగతి కూడా ఆయనకే వదిలేయండి. బడిలో ఒడియా చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడే కుర్రవాళ్లు చదువు, ఉద్యోగం గురించి ఒడియాలో మాట్లాడి, అమ్మ ప్రస్తావన రాగానే తెలుగులోకి వచ్చేస్తారు. మీరూ అతనితో పాటే మారండి. విన్న మాట బయటికి పోదని మొదటే చెప్పండి. చిన్న ఊళ్లలో అసలు భయం అదే. అయితే ప్రాణం ప్రమాదంలో ఉందని అనిపిస్తే మాత్రం ఇంకొకరికి చెప్పక తప్పదని కూడా అదే నోటితో, అప్పుడే చెప్పండి. తర్వాత చెబితే మోసం చేసినట్టు అవుతుంది.

మద్యం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. ఎందుకంటే మీరు చూసే మగవాళ్లలో చాలామంది ఆ దారిలోనే వస్తారు. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వేలో దేశంలో మద్యం తాగే పురుషులు 27.3 శాతం, స్త్రీలు 1.6 శాతం అని తేలింది. తాగుబోతు అనే మాటను ముందుగా మన నోటి నుంచి తీసేయాలి. ఆ మాట విన్న మనిషి మీకు నిజం చెప్పడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన తాగుడు ఏ స్థాయిలో ఉందో తెలుసుకునే పది ప్రశ్నల పత్రం, ఆడిట్ అంటారు, అది మీ సంచుల్లో ఉంది. దాన్ని పోలీసు విచారణలా కాకుండా రక్తపోటు చూసినట్టు అడగండి: ఎన్ని రోజులకొకసారి, ఎంత, తాగిన మర్నాడు పనికి వెళ్లలేకపోయిన రోజులు ఉన్నాయా, అలా.

గోవాలో జరిగిన ఒక పరిశోధన మనకు చాలా ధైర్యమిస్తుంది. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన, హానికరమైన స్థాయిలో తాగుతున్న 377 మంది పురుషులను తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యంతో పాటు కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇచ్చింది ఎవరు? మానసిక వైద్యులా? కాదు. మానసిక వైద్యంలో ముందు ఏ చదువూ లేని, శిక్షణ మాత్రం పొందిన స్థానికులు, అంటే మీలాంటి వాళ్లు. ఒక్కొక్కరికి గరిష్ఠంగా నాలుగు సార్లు కూర్చున్నారు, అంతే. మూడు నెలల తర్వాత చూస్తే కౌన్సెలింగ్ పొందిన వారిలో 36 శాతం మంది ఆ హానికర స్థాయి నుంచి బయటపడ్డారు, పొందని వారిలో 26 శాతం మంది బయటపడ్డారు. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయ్యాయి. వందకు పదిమంది తేడా తక్కువేమీ కాదు. ఒక ఊరిలో పదిమంది తండ్రులు మారితే ఆ ఇళ్లలో పిల్లల రాత్రులు ఎలా ఉంటాయో మీకే తెలుసు.

వాళ్లు వాడిన పద్ధతిలో ప్రధానమైనది ఉపదేశం మానేయడం. మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో మొదలుపెట్టిన ఒక సంభాషణ పద్ధతి ఉంది. అందులో తాగడం వల్ల నష్టాలు మనం చెప్పం, అతని చేతనే చెప్పిస్తాం. "తాగడం వల్ల మీకు ఏం దొరుకుతోంది?" అని ముందు అడుగుతాం. అవును, ముందు అదే అడుగుతాం. ఒళ్లునొప్పులు తగ్గుతాయంటాడు, నిద్ర పడుతుందంటాడు, స్నేహితులు ఉంటారంటాడు. అవన్నీ నిజాలే. విన్న తర్వాత, "దాని కోసం ఏం పోగొట్టుకుంటున్నారు?" అని అడుగుతాం. తన నోటితో తాను చెప్పిన కారణం మనిషిని కదిలించినంతగా మన ఉపన్యాసం కదిలించదు.

కానీ ఒక హెచ్చరిక, దీన్ని గట్టిగా రాసుకోండి. ఏళ్ల తరబడి రోజూ పొద్దున్నుంచే తాగే మనిషి మీ మాట విని ఒక్కసారిగా మానేస్తే ప్రాణానికే ప్రమాదం రావచ్చు. మానిన రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు పట్టడం, మూర్ఛ రావడం, లేనివి కనిపించడం జరగవచ్చు. దేవుడి మాల వేసుకుని ఒక్కరోజులో మానేసి ఇలా పడిపోయినవాళ్లు మీ ఊళ్లలో ఉండే ఉంటారు. అలాంటి వారిని ముందు ఆస్పత్రికి పంపాలి. ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆస్పత్రి మనకు ఇక్కడే ఉంది. మానాలనుకున్నందుకు మెచ్చుకోండి, వైద్యుడి కనుసన్నల్లో మానమనండి.

హింస గురించి కూడా స్పష్టంగా ఉందాం. ఒత్తిడిలో ఉన్నాడు కాబట్టి కొట్టాడు అనే మాటను మనం ఎప్పుడూ అంగీకరించకూడదు. అదే మనిషి తన మేస్త్రీ మీద చెయ్యి చేసుకోలేదు, వ్యాపారి మీద చేసుకోలేదు. అంటే చేతిని ఆపుకోవడం అతనికి తెలుసు. ఇంట్లో కొట్టే మనిషి వచ్చినప్పుడు భార్యాభర్తలిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ చేయడానికి ప్రయత్నించకండి. ఆమె అక్కడ చెప్పిన మాటకు ఇంటికి వెళ్లాక దెబ్బలు తింటుంది. ముందు ఆమె భద్రత. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆమెకు దొరికే రక్షణ ఏమిటో చెప్పండి. అతనితో మాట్లాడే పని విడిగా సాగించండి, మానకండి.

ఇప్పుడు అందరూ భయపడే ప్రశ్న. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఒక మనిషిని అడగవచ్చా? అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందా? అవ్వదు. ఈ విషయంపై జరిగిన పరిశోధనలు అడగడం వల్ల ఆలోచన పుట్టదనే చెబుతున్నాయి. పైగా అడిగితే మోసుకుంటున్న బరువు దించుకోవడానికి ఆయనకు ఒక దారి దొరుకుతుంది. మెత్తగా, కానీ డొంకతిరుగుడు లేకుండా అడగండి. "ఇన్ని కష్టాల్లో కొందరికి బతకడం వద్దనిపిస్తుంది. మీకెప్పుడైనా అలా అనిపించిందా?" అవునంటే, ఎప్పుడు, ఎలా అని ఆలోచించారా అని అడగండి. ఇంట్లో పురుగుమందు ఉందా? ఉంటే దాన్ని ఈ రోజే ఇంకొకరి ఇంట్లో పెట్టించండి. ఆయన్ను ఒంటరిగా వదలకండి, వైద్యుడి దగ్గరికి మీరే తోడు వెళ్లండి. కేసు అవుతుందేమో అని ఇంటివాళ్లు దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, దానికి శిక్షించకూడదని చెబుతోంది. ఈ మాట ఇంటివాళ్లకు విడమరిచి చెప్పండి. 14416 అనే టెలీమానస్ నంబరుకు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరుకు, రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ఆ నంబరును చీటీ మీద రాసి ఇవ్వడంతో సరిపెట్టకండి. మీ ఎదుటే ఆయన ఫోనులో దాచుకునేలా చూడండి.

ఒత్తిడి తగ్గించుకునే పద్ధతుల గురించి రేపు రోజంతా ఉంది కాబట్టి ఇప్పుడు ఎక్కువ చెప్పను. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు కార్యకర్తల కోసం అయిదు సార్లు కూర్చుని మాట్లాడే పద్ధతి ఒకటి తయారు చేసింది. నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, సమస్యలను పరిష్కరించగలిగేవి, పరిష్కరించలేనివి అని విడదీసి చూడడం, మానేసిన పనుల్లో ఒక చిన్న దాన్ని తిరిగి మొదలుపెట్టడం, తోడు నిలిచే మనుషులను పెంచుకోవడం, ఇవీ అందులో ఉన్నవి. మన మగవాళ్లకు ఊపిరి కంటే సమస్యల పట్టికతో మొదలుపెడితే బాగా అందుతుందని నా అనుభవం. అప్పులన్నీ ఒక కాగితం మీద రాయించండి. ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎవరు ఆగుతారు, ఎవరు ఆగరు. రాత్రి రెండు గంటలకు తలలో తిరిగే లెక్క కాగితం మీదికి వస్తే అప్పు తగ్గదు, కానీ ఆ లెక్క తల నుంచి దిగుతుంది. బ్యాంకులో ఏం అడగాలో, సంఘంలో ఏం అడగాలో అప్పుడు తెలుస్తుంది. దయచేసి "ధైర్యంగా ఉండు, మగాడివి కదా" అని మాత్రం అనకండి. చిన్నప్పటి నుంచి ఆ మాట విని విని అతను ఇక్కడిదాకా వచ్చాడు.

చివరగా శిక్షణ గురించి. ఈ ఉపన్యాసం విన్నంత మాత్రాన ఎవరూ కౌన్సెలర్ అయిపోరు. నేను ఎంత బాగా చెప్పినా అవ్వరు. ఈత గురించి విన్నవాడికి ఈత రాదని సముద్రం పక్కన ఉండే మీకు వేరే చెప్పాలా? గోవాలో ఆ స్థానిక కౌన్సెలర్లు ఒకరి సంభాషణల రికార్డులను, మాట్లాడినవారి అనుమతితో, ఇంకొకరు విని మార్కులు వేసుకున్నారు, తప్పొప్పులు చెప్పుకున్నారు. గాట్లాండ్‌లో శిక్షణ ఆగాక ఫలితం కరిగిపోయిందని చెప్పాను కదా, దానికి మందు ఇదే. ఈ ఐదు రోజుల తర్వాత మీరు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. ప్రతి నెలా ఒకసారి, దగ్గర దగ్గర ఊళ్లవాళ్లు ఆరేడుగురు ఒక చోట కలవాలి. కలిసి, పేర్లు చెప్పకుండా, కష్టమనిపించిన ఒక సంభాషణను మళ్లీ నటించి చూపించాలి. ఎక్కడ మాట తప్పిందో, ఎక్కడ పట్టు దొరికిందో చర్చించాలి. మీ ఒత్తిడి గురించి మాట్లాడుకునే చోటు కూడా అదే. పగలంతా ఇతరుల కష్టాలు వినే మగ కౌన్సెలర్లు తమ కష్టం ఎవరికీ చెప్పుకోరు, మీలోనూ అలాంటివారు ఉన్నారని నాకు తెలుసు.

నిర్వాహకులతో నా కోరిక ఒకటే. ఈ తరగతుల ముగింపు నాడు ధ్రువపత్రాలు ఇవ్వడానికి ముందే ఆ నెలవారీ బృందాల పేర్లు, కలిసే చోట్లు, తేదీలు రాసి గోడకు అంటించండి. ధ్రువపత్రం ఆలస్యమైనా ఫర్వాలేదు, ఆ పట్టిక మాత్రం ఆలస్యం కాకూడదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ముగ్గురు ముగ్గురుగా విడిపోతాం. ఒకరు నిద్ర పట్టదంటూ వచ్చిన బాబాయ్ అవుతారు, ఒకరు కౌన్సెలర్ అవుతారు, మూడో మనిషి పక్కన కూర్చుని, కౌన్సెలర్ ఎన్ని ప్రశ్నలు అడిగారో, ఎన్నిసార్లు మధ్యలో అడ్డుపడ్డారో, ఎన్నిసార్లు సలహా ఇచ్చారో కాగితం మీద గీతలు పెడతారు. మొదటిసారి పావుగంట చాలు. తర్వాత పాత్రలు మార్చుకోండి. మగవాళ్లు మొదట బాబాయ్ పాత్రలో కూర్చోండి, ఎదుటివాడి ప్రశ్న ఎక్కడ గుచ్చుతుందో అప్పుడు మీకు తెలుస్తుంది. మీ సందేహాలు చీటీల మీద రాసి ఈ బల్ల మీద పెట్టండి, సాయంత్రం అన్నింటికీ జవాబు చెప్పే వెళ్తాను.